22 అన్న అంకె, దాని పక్కన 598: కంటి ప్రెషర్ చెకప్ మీద నా రివ్యూ

నేను ప్రెషర్ గేజ్‌లు క్యాలిబ్రేట్ చేసే ల్యాబ్‌లో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. బాయిలర్ మీది గేజైనా, గ్యాస్ సిలిండర్ మీది గేజైనా, మా బల్ల మీదికి వచ్చిందంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది దేన్ని కొలుస్తోంది? ఆ కొలతలో గేజ్ సొంత బిగువు ఎంత కలిసిపోయింది? ముల్లు ఎక్కడ ఆగితే అదే ప్రెషర్ అని మా దగ్గర ఎవరూ అనరు. కానీ నా కంట్లో ప్రెషర్ 26 ఉందని చెప్పిన రోజు ఈ రెండు ప్రశ్నల్లో ఒక్కటీ నాకు గుర్తుకు రాలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత నేను వెళ్ళిన కంటి క్లినిక్‌లో చేసిన చెకప్ గురించి, ముఖ్యంగా అక్కడ కొలిచిన కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మందం గురించి చూసింది చూసినట్టు రాస్తున్నాను. క్లినిక్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ పరీక్షలన్నీ మంచి కంటి ఆస్పత్రి ఎక్కడున్నా ఉండేవే. లోపల ఏం జరుగుతుందో, ఏం జరగాలో ముందే తెలిస్తే నాలాగా బెదిరిపోయే పని ఉండదు.

ముందు ఆ 26 సంగతి చెప్పాలి. కళ్ళజోడు పవర్ మార్పించుకోవడానికి ఒకచోటికి వెళ్ళాను. గడ్డం ఆనించమని, కంట్లోకి గాలి కొట్టే యంత్రం ముందు కూర్చోబెట్టారు. మొదటి దెబ్బకే ఉలిక్కిపడ్డాను. రెండోసారి కళ్ళు గట్టిగా మూసుకుపోతుంటే రెప్పను వేలితో లాగి పట్టుకుని మళ్ళీ కొట్టారు. కుడి కన్ను 26, ఎడమ కన్ను 24. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి కదా, గ్లకోమా, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు, మొదలైనట్టుంది, జీవితాంతం చుక్కలు వేసుకోవాల్సి రావచ్చు అన్నారు. కన్ను లోపలికి ఎవరూ చూడలేదు. వాళ్ళు చెప్పింది ఆ గాలి యంత్రం అచ్చు వేసిన చిన్న కాగితం చూసి.

నేనంత బెదిరిపోవడానికి కారణం ఉంది. మా నాన్నగారికి గ్లకోమా. చాలా ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు కొన్నేళ్లపాటు ఆయన కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడల్లా ప్రెషర్ 17, 18 అని చెప్పి, బాగుంది వెళ్ళిరండి అని పంపేవారు. పక్కనుంచి వచ్చే మనిషి కనబడక గుమ్మాల్లో గుద్దుకోవడం మొదలయ్యాక పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. అప్పటికే కంటి నరం సగానికి పైగా దెబ్బతింది. ఆయన కార్నియా మందం కొలిస్తే 496 మైక్రాన్లు వచ్చింది. ఆ అంకెకు అర్థమేమిటో ఆరోజు నాకు తెలియదు. ఫైల్లో పెట్టేసి మరిచిపోయాను.

ఇక క్లినిక్. మొదట కూర్చోబెట్టిన ఆప్టోమెట్రిస్ట్ చిన్న వయసు అమ్మాయి. యంత్రం ముట్టుకోకముందే ప్రశ్నలు వేసింది. కళ్ళజోడు పోవడానికి లేజర్ చేయించుకున్నారా? స్టెరాయిడ్ మాత్రలు, చుక్కలు, ఇన్‌హేలర్, చర్మానికి రాసే క్రీములు ఏమైనా వాడుతున్నారా? కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటారా? ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉందా? ఈ ప్రశ్నలు వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. గేజ్ తెచ్చినవాళ్ళను మేమూ ఇలాగే అడుగుతాం, ఏ లైన్ మీద ఉండేది, ఎప్పుడైనా కింద పడిందా అని.

ప్రెషర్ కొలిచేముందు ఆమె నా మెడ దగ్గర పైగుండీ వదులు చేసుకోమంది. "ఊపిరి బిగపట్టకండి మేడమ్, మామూలుగా పీల్చి వదలండి. రెప్పలు నొక్కకండి" అంది. ఊపిరి బిగపట్టినా, మెడ బిగుసుకుపోయినా, రెప్పలతో గుడ్డును నొక్కినా ఆ క్షణానికి ప్రెషర్ నిజంగానే పెరుగుతుందట. గాలి యంత్రం ముందు నేను చేసినవన్నీ అవే.

ఇక్కడ వాడింది గోల్డ్‌మన్ టోనోమీటర్. 1950లలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హాన్స్ గోల్డ్‌మన్ అనే కంటి డాక్టర్ తయారుచేసిన పద్ధతి. ఇన్నేళ్లయినా మిగతా యంత్రాలన్నింటినీ దీనితోనే సరిపోల్చి చూస్తారు. మత్తు చుక్క వేసి, పసుపు రంగు మందు కొద్దిగా తాకించి, నీలం లైటు వేశారు. చిన్న గాజు దిమ్మెలాంటిది మెల్లగా కంటి మీదికి వచ్చి ఆనింది. నాకు కనబడింది నీలం వెలుగు ఒక్కటే, నొప్పి లేదు. అవతలివైపు మైక్రోస్కోపులో ఆమెకు ఆకుపచ్చగా మెరిసే రెండు అరవృత్తాలు కనబడతాయి. పక్కనున్న చక్రం తిప్పుతూ ఆ రెండింటి లోపలి అంచులు ఒకదానికొకటి సరిగ్గా తగిలేలా చేస్తుంది. ఆ క్షణంలో చక్రం మీదున్న అంకె చూస్తుంది.

ఆ చక్రం మీద 1, 2, 3 అనే గీతలు ఉంటాయి. 2 అంటే రెండు గ్రాముల బరువు. దాన్ని పదితో హెచ్చవేస్తే పాదరసం మిల్లీమీటర్లలో ప్రెషర్ వస్తుంది. ఈ సంగతి వినగానే కుర్చీలోంచి లేచి ఆ యంత్రాన్ని చూడాలనిపించింది. మా ల్యాబ్‌లో డెడ్ వెయిట్ టెస్టర్ అని ఒకటుంటుంది, తెలిసిన వైశాల్యం మీద తెలిసిన బరువు పెట్టి ప్రెషర్ పుట్టించేది. ఇదీ అదే సూత్రం. కార్నియా మీద 3.06 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి చోటును చదును చేయడానికి ఎన్ని గ్రాములు పట్టిందో చూడటమే. ఆ 3.06 ఎందుకంటే, ఆ కొలత దగ్గర కన్నీటి పొర గాజు దిమ్మెను తనవైపు లాక్కునే బలం, కార్నియా వంగనని ఎదురు తిరిగే బలం దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా సరిగ్గా ఆ వ్యాసం దగ్గరే ఒక గ్రాము పది మిల్లీమీటర్లకు సమానమవుతుంది.

"దీన్ని చివరిసారి ఎప్పుడు చెక్ చేశారమ్మా?" అని అడిగాను. ఇలాంటి ప్రశ్నకు చాలాచోట్ల ముఖం చిట్లిస్తారు. ఈ అమ్మాయి డ్రాయర్ తెరిచి, యంత్రంతో పాటు వచ్చిన చిన్న లోహపు కడ్డీ తీసి చూపించింది. దాని మీద 0, 2, 6 దగ్గర గుర్తులున్నాయి. దాన్ని యంత్రం పక్కన బిగించి ఆ మూడు చోట్లా చేయి సరిగ్గా అటూ ఇటూ వాలుతోందో లేదో చూస్తారు. చెక్ చేసిన తేదీలు రాసుకున్న పుస్తకం కూడా ఉంది. నా దృష్టిలో ఈ క్లినిక్ మార్కులు కొట్టేసింది అక్కడే.

కుడి కన్ను 22, ఎడమ కన్ను 21. ఉదయం 9 గంటల 40 నిమిషాలు.

26 నుంచి 22కు దిగినందుకు సంతోషించాను గానీ, 21 గీత ఇంకా దాటే ఉంది. అప్పుడు ఆ అమ్మాయి పెన్నులాంటి ఇంకో పరికరం తీసింది. పాకీమీటర్. కార్నియా మందం కొలిచేది.

కార్నియా అంటే కంటి ముందుభాగంలో, నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర. మధ్యలో దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో మధ్యభాగం మందం సగటున 535, 545 మైక్రాన్ల దగ్గర తిరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనుషుల ఎత్తుల్లాగే ఇందులోనూ తేడాలుంటాయి. ఏ జబ్బూ లేకుండానే ఒకరికి 490, ఇంకొకరికి 610 ఉండొచ్చు. చాలావరకు పుట్టుకతో వచ్చేదే, పెద్దయ్యాక పెద్దగా మారదు.

దీనికీ ప్రెషర్‌కూ సంబంధమేమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. కన్ను లోపలి ప్రెషర్‌ను బయటినుంచి నొక్కి కొలుస్తున్నారు. మధ్యలో కార్నియా ఉంది. అంటే అది మా భాషలో డయాఫ్రమ్, ప్రెషర్‌కు వంగే పల్చటి పొర. డయాఫ్రమ్ మందంగా, బిగువుగా ఉంటే దాన్ని చదును చేయడానికే కొంత బలం ఖర్చవుతుంది. ఆ ఖర్చు కూడా ప్రెషర్ ఖాతాలోనే పడిపోతుంది, గేజ్ ఎక్కువ చూపిస్తుంది. పల్చగా ఉంటే దానికి రివర్స్, లోపల ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇందాక చెప్పిన రెండు బలాలు కొట్టేసుకోవడమన్నది కార్నియా 520 మైక్రాన్ల దగ్గర ఉంటేనే చక్కగా కుదురుతుంది. మందం మారితే తన కొలతలో తేడా రావచ్చని గోల్డ్‌మన్ కూడా అప్పుడే గుర్తించాడు. కాకపోతే మనిషికీ మనిషికీ మధ్య మందంలో ఇంత తేడా ఉంటుందని ఆ రోజుల్లో అనుకోలేదు.

పాకీమెట్రీ ఒక్కో కంటికి ఒక నిమిషం కూడా పట్టలేదు. మత్తు అప్పటికే ఉంది. "ఎదురుగా ఉన్న చుక్కనే చూడండి, కదలకండి" అంది. పెన్ను మొన కార్నియా మధ్యలో అలా తాకగానే బీప్ మంది. ఆ తాకిన క్షణంలో అల్ట్రాసౌండ్ అల కార్నియా ముందు అంచునుంచి వెనక అంచు దాకా పోయి తిరిగొస్తుంది. కార్నియాలో ఆ అల సెకనుకు సుమారు 1,640 మీటర్ల వేగంతో వెళ్తుందని లెక్క. అర మిల్లీమీటరు చిల్లర దూరానికి రానూ పోనూ సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. ఆ సమయాన్ని కొలిచి మందంగా మారుస్తుంది. కుడి కంటికి వరుసగా 599, 597, 611, 598, 598 వచ్చాయి. మధ్యలో వచ్చిన 611 చూసి ఆమె తల అడ్డంగా ఊపి ఆ రీడింగ్ తీసేసింది. పెన్ను కొంచెం వాలినా, మధ్యనుంచి పక్కకు జరిగినా మందం ఎక్కువ చూపిస్తుందట, అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కుడి 598, ఎడమ 603.

ఆ 611 తీసేసిన తీరు నాకు బాగా నచ్చింది. ఐదూ కలిపి సగటు తీసేసి ఊరుకునేవాళ్ళను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను.

డాక్టరమ్మ గదిలోకి వెళ్ళేలోపు, బయట కూర్చుని ఫోన్‌లో లెక్క వేసేశాను. కరెక్షన్ టేబుల్ దొరికితే చాలు, మిగతాది రోజూ చేసే పనే కదా. ఒక టేబుల్ దొరికింది. దానికి మూలం 1975లో నీల్స్ ఏలర్స్ అనే డెన్మార్క్ డాక్టర్ చేసిన పని. ఆపరేషన్‌కు సిద్ధమైన 29 కళ్ళలోకి సన్నని సూది పంపి, లోపలి అసలు ప్రెషర్‌ను నేరుగా కొలిచి, పైనుంచి కొలిచినదానితో పోల్చాడు. మందంలో 70 మైక్రాన్ల తేడాకు ప్రెషర్‌లో సుమారు 5 మిల్లీమీటర్ల తేడా వస్తుందని తేల్చాడు. నా 598 లోంచి 520 తీసేస్తే 78. అంటే 5.6 తగ్గించాలి. 22 కాస్తా 16.4 అయింది. ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాను.

డాక్టరమ్మ కాగితం తీసుకుని ఓపిగ్గా చదివింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పాను.

"అయితే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ కరెక్షన్ ఎన్ని గేజ్‌ల మీద పరీక్షించి ఇచ్చారు? మీ గేజ్ మీద పరీక్షించారా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆమె అదే కాగితం వెనక ఇంకో రెండు లెక్కలు వేసింది. 2000 సంవత్సరంలో డౌటీ, జమాన్ అనే ఇద్దరు అప్పటిదాకా అచ్చయిన పరిశోధనలన్నీ కుప్ప పోసి తూకం వేశారు. జబ్బు కళ్ళూ మంచి కళ్ళూ అన్నీ కలిపి చూస్తే మందం పది శాతం పెరిగినప్పుడు ప్రెషర్ అంకె సుమారు 3.4 పెరుగుతోంది. కానీ ఆరోగ్యంగా ఉన్న కళ్ళను విడదీసి చూస్తే అదే పది శాతానికి పెరిగేది 1.1 మాత్రమే. నా కార్నియా సగటుకన్నా దాదాపు 12 శాతం మందం. మొదటి లెక్క ప్రకారం నా ప్రెషర్ 18. రెండో లెక్క ప్రకారం 20.7. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్‌లో మామూలు జనం మీద చేసిన అధ్యయనం కూడా ఈ రెండో లెక్కకే దగ్గరగా ఉంటుందని చెప్పింది. అక్కడ ప్రతి 10 మైక్రాన్లకు తేడా 0.19 మిల్లీమీటర్లే వచ్చింది.

ఒకే కన్ను, ఒకే రీడింగ్. 16.4, 18, 20.7. మా ల్యాబ్‌లో ఏ కరెక్షనైనా ఇలా మూడు జవాబులిస్తే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టను.

ఎందుకిలా అని అడిగాను. ఆమె చెప్పింది నా మాటల్లో రాస్తాను. కార్నియా ఎంత బిగువుగా ఉందన్నది మందం ఒక్కటే తేల్చదు. అందులో తొంభై శాతం స్ట్రోమా అనే మధ్యపొర, అది కొల్లాజెన్ పోగులతో అల్లి ఉంటుంది. ఆ అల్లిక ఎంత గట్టిదో, ఎంత సాగుతుందో, ఎంత నీరు పట్టి ఉందో కూడా లెక్కలోకి వస్తాయి. కార్నియాకు నీరు పట్టి వాచినప్పుడు మందం పెరుగుతుంది, కానీ మెత్తబడుతుంది. అప్పుడు ప్రెషర్ ఎక్కువ చూపించాల్సింది పోయి తక్కువ చూపిస్తుంది. ఈ ఒక్క ఉదాహరణతో నా కాగితం పనికిరాకుండా పోయింది. రబ్బరు డయాఫ్రమ్‌నూ స్టీలు డయాఫ్రమ్‌నూ మందం చూసి పోల్చే మనిషి మా దగ్గర ఒక్కరోజు కూడా నిలవడు, నేను చేసింది అదే.

కాబట్టి ఒక మనిషి ప్రెషర్ అంకెలోంచి ఇంత తీసెయ్యి, ఇంత కలుపు అని ఫార్ములాతో సరిచేయడం మంచిది కాదన్నది ఇప్పుడు గ్లకోమా డాక్టర్ల మాట. యూరప్ గ్లకోమా సొసైటీ మార్గదర్శకాలు కూడా అలాంటి సవరణ లెక్కలు వాడొద్దనే చెబుతాయి. పల్చన, మధ్యస్థం, మందం అని మూడు గుంపులుగా చూసి, ప్రెషర్ అంకె చదివేటప్పుడు అది మనసులో పెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఈ రెండింటికీ సంబంధం ఉన్న మాట నిజమే, మందం పెరిగేకొద్దీ అంకె కొంచెం పెరుగుతుంది. కానీ అది వేలమంది మీద కనబడే కొద్దిపాటి వాలు. మనిషికీ మనిషికీ ప్రెషర్ తేడాల్లో మందం వల్ల వచ్చేది చిన్న భాగం.

మరి అలాంటప్పుడు కొలవడమెందుకు? నేను అడక్కముందే ఆమె చెప్పింది. అమెరికాలో ప్రెషర్ ఎక్కువగా ఉండి, నరం మాత్రం బాగున్న 1,636 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. కార్నియా 555 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళకు గ్లకోమా వచ్చే ముప్పు, 588 దాటినవాళ్ళకన్నా మూడింతలు ఉంది. ప్రెషర్ ఎక్కువని చేరినవాళ్ళ సగటు మందమే 570 దాటింది. అంటే వాళ్ళలో నాలాంటి మందపాటి కార్నియా వాళ్ళు చాలామంది ఉన్నారన్నమాట. పల్చని కార్నియా ముప్పుకు గుర్తుగా ఎందుకు పనిచేస్తోందో గేజ్ తప్పు ఒక్కదానితో పూర్తిగా చెప్పలేం. ఆమె ఆ మాట కూడా దాచకుండా చెప్పింది.

ఆ తర్వాత అసలు చూడాల్సింది చూశారు, కంటి నరం. కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసేముందే అద్దం పెట్టి కంట్లోని నీరు బయటికి పోయే కోణం తెరుచుకునే ఉందో లేదో చూశారు. పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్, నరం పొరల మందం చూసే ఓసీటీ స్కాన్ చేశారు. అన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం మళ్ళీ ప్రెషర్ చూస్తే 20, 19. రోజులో రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవడం ఆరోగ్యంగా ఉన్న కంటికీ మామూలే. చుక్కల అవసరం లేదు, ఆరు నెలలకోసారి రండి అన్నారు. నాన్నగారి సంగతి ఉంది కాబట్టి ఆ రాకపోకలు మానొద్దని గట్టిగా చెప్పారు.

బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను. మా ఇద్దరికీ నాన్న ఒక్కరే కదా, తనూ చూపించుకోవాలి. వారం తర్వాత అదే క్లినిక్‌కు వెళ్ళొచ్చి ఫోన్ చేసింది.

"నాకు 14, 15 అటనే. హాయిగా ఉన్నాను. నువ్వే టెన్షన్ పడీ పడీ పెంచుకున్నావు."

"మందం ఎంతక్కా?"

"మందమేంటే?"

"రిపోర్టులో ప్రెషర్ కింద చూడు. మైక్రాన్లు అని ఉంటుంది."

కాసేపు కాగితాల చప్పుడు. "489. ఇంకోటి 492."

నాకు నాన్నగారి ఫైల్లోని 496 కళ్ళముందు మెదిలింది. మందం చాలావరకు రక్తంలో వచ్చేదే. నాన్న కార్నియా అక్కకు వచ్చింది, అమ్మ వైపుది నాకు వచ్చి ఉంటుంది. ఫోన్‌లోనే లెక్క వేశాను. ఇందాకటి లెక్కల్లో ఏది పట్టుకున్నా అక్క ప్రెషర్ 18 దాటదు. గీత కిందే ఉంది. పల్చని కార్నియా ఉన్నంత మాత్రాన అక్క రోగి అయిపోదు. తన నరం, ఫీల్డ్ కూడా బాగానే ఉన్నాయని డాక్టరమ్మ రాసింది. కానీ 14 అన్న అంకె పట్టుకుని పదేళ్లు కంటి ఆస్పత్రి వైపు చూడకుండా ఉండటానికి వీల్లేదు. నాన్నగారికి 17 అని చెప్పిన ప్రతిసారీ ఎవరైనా ఒక్క నిమిషం నరం వంక చూసి ఉంటే బాగుండేది. అక్కకు ఆ మాటే చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఏడాదికోసారి రమ్మన్నారు, వెళ్తాలే" అంది.

ఇక క్లినిక్‌లో నచ్చనివి. పాప పెద్దది చేసే చుక్కలు వేస్తామని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పలేదు. నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు చదవలేకపోయాను, ఎండలో కళ్ళు తెరవలేకపోయాను. తోడు మనిషి లేకుండా వెళ్ళడం నా ఖర్మానికి వచ్చింది. గదికీ గదికీ మధ్య ఎదురుచూపులు మొత్తం రెండున్నర గంటలు. వీటికన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది రిపోర్టు. ప్రెషర్ 22, 21 అని రాశారు గానీ ఏ యంత్రంతో కొలిచారో, ఎన్ని గంటలకు కొలిచారో రాయలేదు. మందం 598, 603 అన్నారు, అది అల్ట్రాసౌండ్ పెన్నుతోనా, ఫొటో తీసే యంత్రంతోనా అన్నది లేదు. కొలిచేటప్పుడు అంత జాగ్రత్తగా ఉన్న మనుషులు కాగితం మీదికి వచ్చేసరికి ఇలా చేస్తే, రేపు ఇంకో డాక్టర్ ఆ అంకెను దేనితో పోల్చుకోవాలి? కౌంటర్‌లో అడిగితే సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదన్నారు. పెన్ను తీసుకుని నేనే రాసుకున్నాను.

ఈ పట్టింపు ఊరికే కాదు. ఆరు నెలల తర్వాత వెళ్ళినప్పుడు కంటికి తాకకుండా ఫొటో తీసే యంత్రంతో మందం చూశారు, కుడి కన్ను 589 అని వచ్చింది. తొమ్మిది మైక్రాన్లు అరిగిపోయాయా అని ఎవరైనా కంగారు పడతారు. నా చేతిరాతలో "అల్ట్రాసౌండ్" అని ఉండబట్టి మారింది యంత్రమని తెలిసింది. ఒక యంత్రం అంకెను ఇంకో యంత్రం అంకెతో పోల్చకూడదు. నిద్రలేచిన వెంటనే కొలిచినా తేడా వస్తుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉంటాం కాబట్టి కార్నియా మూడు, నాలుగు శాతం ఉబ్బి, లేచాక గంటా రెండు గంటల్లో మళ్ళీ మామూలుకు వస్తుంది.

మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి రెండేళ్ల కిందట కళ్ళజోడు తీసేయడానికి లేజర్ చేయించుకున్నాడు. ఆ ఆపరేషన్‌లో కార్నియాను చెక్కి పల్చన చేస్తారు. దాంతో ఆ తర్వాత ప్రెషర్ ఎప్పుడు కొలిచినా తక్కువే చూపిస్తుంది. అతనికి నేను చెప్పింది ఒక్కటే, ఆపరేషన్‌కు ముందు కొలిచిన మందం, ప్రెషర్ ఉన్న కాగితం ఎక్కడుందో వెతికి జాగ్రత్త చెయ్యమని. ఇంకా వెతుకుతున్నాడు.

మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తాను, వెళ్తూనే ఉన్నాను. ఐదుకు నాలుగు స్టార్లు. ఐదోది ఆ రిపోర్టు ఫారం మార్చిన రోజు ఇస్తానని వాళ్ళ సలహాల పెట్టెలో చీటీ రాసి వేశాను. దాని మీద ఉండాల్సిన గడులు కూడా గీసి ఇచ్చాను: యంత్రం, సమయం, మందం కొలిచిన పద్ధతి, ఎన్ని రీడింగులు.

రెండోసారి ప్రెషర్ 21, 20. గోల్డ్‌మన్, అదే గది, ఉదయం 9 గంటల 50 నిమిషాలు. ఫైల్ అట్ట మీద నా 598, 603 పక్కనే అక్కవి 489, 492, నాన్నగారి 496 కూడా రాసిపెట్టుకున్నాను.